కుట్లు ఆరకముందే కలిపిన ఆవకాయ

పదిహేను రోజుల కిందట, ఒక మంగళవారం ఉదయం, స్నానం ముగించి తడిబట్టలు ఆరవేస్తుండగా ఫోను మోగింది. కింది వాటాలో ఉండే అమ్మాయి గొంతు. "తాతయ్యా, అమ్మ పోయింది" అన్నది. వెనుక ఎవరో స్ట్రెచర్‌కు దారి ఇమ్మని కేకలు వేస్తున్నారు. "ఎప్పుడమ్మా?" అని అడిగాను. అడగవలసింది అది కాదని తెలుసు. ఏమి అడగాలో తెలియక అడిగాను. "ఏడింటికి" అని చెప్పి ఫోను పెట్టేసింది.

పోయినది మా కింది వాటా పచ్చళ్ల ఆవిడ. నానక్‌రామ్‌గూడ పాత ఊళ్లో, అద్దాల మేడల నడుమ ఇంకా మిగిలి ఉన్న ఒక సందులో, పైన నేను, కింద ఆ తల్లీకూతుళ్లు తొమ్మిదేళ్లుగా కిరాయికి ఉంటున్నాం. భర్త పోయిన నాటి నుంచి ఆమె ఇంట్లోనే పచ్చళ్లు పెట్టి, అమ్మి, కూతురిని చదివించింది. ఆ అమ్మాయి ఇప్పుడు దగ్గరలోనే ఒక కంపెనీలో ఉద్యోగం చేస్తున్నది. చుట్టుపక్కల అపార్టుమెంట్లలో చాలామందికి ఆమె "పచ్చళ్ల ఆంటీ". వారిలో ఆమె ముఖం చూసినవారు తక్కువ. ఫోనులోని గ్రూపులో ఆమె మాట వినిపించేది, వారి కోరికలు వచ్చేవి, సీసాలు బైకుల మీద వెళ్లేవి.

మామిడికాయను కడగడం, తుడవడం ఆమె ఎవరికీ అప్పగించేది కాదు. కాయను పసిబిడ్డ తల తుడిచినట్టు తుడిచి, వెలుతురుకు ఎత్తి చూసి, మళ్లీ తుడిచేది. ముక్క కొట్టిన తర్వాత జీడి తీసి, లోపలి పొర గీకి, మరొకసారి తుడిచేది. ఉప్పు సరిపోయిందో లేదో నాలుకతో చూడగా నేనెన్నడూ చూడలేదు. కలిపిన చేతిని ముక్కు దగ్గర పెట్టుకుని ఒక్క క్షణం కళ్లు మూసుకునేది, అంతే. సీసాలకు అంటించే చీటీల మీద పచ్చడి పేర్లు నాచేతనే రాయించేది. "మీ రాత గుండ్రంగ ఉంటది సారూ, చూస్తెనే తినబుద్దయితది" అనేది. జీవితమంతా కావ్యాలూ ధర్మశాస్త్రాలూ పాఠం చెప్పినవాడికి ముదిమిలో అంతకంటె మంచి పని దొరకలేదని ఇప్పటికీ అనుకుంటాను.

నెలకు మూడు రోజులు ఆమె జాడీలున్న గదిలోకి వెళ్లేది కాదు. కొనేవారిలో ఎక్కువమంది కోస్తా జిల్లాల నుంచి వచ్చి స్థిరపడినవారు. మడి తాము పాటించకపోయినా, పచ్చడి పెట్టే చేయి పాటించాలని కోరుకునేవారు. ఆమె కూడా దాన్ని వ్రతంలాగే పట్టింది. ఆ మూడు రోజులే ఆమె మెట్ల మీద కాళ్లు చాపుకుని కూర్చోవడం నేను చూశాను. "ఏదన్న కథ చెప్పుండ్రి సారూ. రాజులది వద్దు, ఆడోళ్లది చెప్పుండ్రి" అనేది. సగం వినేసరికి గోడకు తల ఆనించి నిద్రపోయేది. నేను మిగిలిన కథ నాకే చెప్పుకుని లేచేవాణ్ణి.

నిరుడు చలికాలం నుంచి ఆ మూడు రోజులు ఆరయ్యాయి, ఆరు పదయ్యాయి. ముఖం పాలిపోయింది. కూతురు ఎంత బతిమాలినా వైద్యం మాట ఎత్తనివ్వలేదు. చివరికి ఆమె దవాఖానకు ఒప్పుకున్నది ప్రాణభయంతో కాదు. జాడీల గది నెలలో సగం రోజులు మూసి ఉంటే ఆవకాయల కాలం దాటిపోతుందన్న భయంతో ఒప్పుకున్నది. ఉగాది వెళ్లిన వారానికి కడుపు కోసి గర్భసంచి తీసేశారు. ఆరు వారాలు బిందెడు నీళ్లు కూడా ఎత్తకూడదని డాక్టరమ్మ మూడుసార్లు చెప్పింది.

ఆపరేషనయిన మూడో రోజు నేను చూడబోయాను. దవాఖాన మంచం మీద నుంచే ఫోను చెవికి పెట్టుకుని మాట్లాడుతున్నది. అవతలి గొంతు నాకూ వినిపిస్తూనే ఉంది.

"కొత్తావకాయ ఎప్పుడండీ ఆంటీ? మా అత్తగారు రోజూ అడుగుతున్నారు."

"ఇంకో రెండు మూడు వారాలల్ల అమ్మా. కాయకు ఇంక పులుపు దిగలే."

"ఆ బీప్ బీప్ సౌండ్ ఏంటండీ?"

"ఫ్రిజ్జు అమ్మా. పాతదైంది, గిట్లనే మొత్తుకుంటది."

ఫోను పెట్టేసి, నా ముఖం చూసి, పొట్ట పట్టుకుంది. "నవ్విపియ్యకుండ్రి సారూ, కుట్లు గుంజుతున్నయ్." నేనేమీ అననే లేదు. ఎందుకు దాచడం, జబ్బు ఎవరికి రాదు, చెబితే వాళ్లే ఆగుతారు కదా అన్నాను.

"మీకు తెల్వదు సారూ. కొండాపూర్ల ఒకామె పొడులు అమ్ముతుండె. ఆమెకు ఏందో అయిందని ఎవరో గ్రూపుల పెట్టిండ్రు. మనిషి మంచిగయి తిరిగొచ్చినా ఎవ్వరు కొనలే. టవర్లల్ల ఉండేటోళ్లకు నా మొకం తెల్వదు, నా చెయ్యే తెల్సు. గా చేతికి రోగమంటే ఇగ అయిపాయె."

ఇంటికి వచ్చిన రోజున మెట్ల దగ్గర ఆగి ఆయాసం తీర్చుకుంటూ మరొక మాట అన్నది. "ఇగ నెలకు మూడొద్దుల సెలవు గూడ పాయె సారూ." అని తానే నవ్వింది. ఆ నవ్వు వెనుక ఏమి రానున్నదో నాకంటె ముందు ఆమె కూతురు కనిపెట్టింది.

మర్నాడు సాయంత్రం ఆ అమ్మాయి ఆఫీసు బస్సు దిగి తిన్నగా పైకి వచ్చింది. మెడలో కంపెనీ కార్డు అలాగే ఉంది.

"తాతయ్యా, మీరు ఒక అబద్ధం చెప్పాలె."

"ఏమిటమ్మా?"

"డాక్టర్ మాట వింటలేదు, నా మాట అసలే వినది. కాయ ఆర్డర్ పెట్టింది అప్పుడే. మీరు చెప్తే వింటది. కడుపు కోసినోళ్లకు నలభై రోజులు మైల ఉంటది, పురుడు లెక్క, జాడీలు ముట్టొద్దని శాస్త్రంల ఉంది అని చెప్పుండ్రి. అంతే."

"శాస్త్రంలో అలా లేదమ్మా."

"లేదని నాకు గూడ తెల్సు. ఉందని చెప్పుండ్రి."

ఆలోచిస్తానన్నాను. ఆ పిల్ల "ఆలోచించెతందుకు ఏముంది తాతయ్యా" అని దిగిపోయింది.

ఆలోచించవలసిన అవసరం లేకుండా, రెండు రోజుల తర్వాత తల్లే అడిగింది. నేను పాల ప్యాకెట్టుకు కిందికి దిగితే, గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది. "సారూ, జర ఒక్క మాట. కుట్లున్న మనిషి జాడీల చెయ్యి పెట్టొచ్చునా? దోషమేమన్న ఉన్నదా? మీరు ఉన్నదంటే పెట్ట."

ఆమె కళ్లలో ఎలాంటి కపటమూ లేదు. నేను దోషమంటే నిజంగానే మానుకునేది. అందులో నాకు నేటికీ సందేహం లేదు.

"దోషం లేదమ్మా" అన్నాను. "గాయానికి మైల లేదు. కానీ డాక్టరమ్మ చెప్పింది మాత్రం..."

"దోషం లేదన్నరు గదా. చాలు సారూ, నా ఫికర్ తీరింది." ఆమె ముఖం వికసించింది. తర్వాత నేను చెప్పిన రెండో వాక్యాన్ని ఆమె మర్యాదకు విన్నది.

యాభై ఏళ్లు చదివిన గ్రంథాన్ని నా నోటితో కల్తీ చేయకూడదని ఆనాడు అనుకున్నాను. లేని విధిని ఉన్నదని చెప్పడం పాపమని నమ్మాను. ఎన్నో ఏళ్లుగా ఆచారం ఆమెను నెలకు మూడు రోజులు కూర్చోబెట్టింది. ఆ కూర్చోబెట్టడం న్యాయమా అని ఆమె నన్నెప్పుడూ అడగలేదు, నేనూ చెప్పలేదు. అక్కడ నా నిజాయతీ నిద్రపోయింది. ఆమె కూర్చోక తప్పని నలభై రోజులు వచ్చినప్పుడు మాత్రం అది మేల్కొన్నది.

ఆపరేషనయిన ఇరవై రెండో రోజున కాయ వచ్చింది. కొట్టించిన ముక్కలు బస్తాల్లో దిగాయి. ఆమె పీట మీద కూర్చుని, ముందు పెద్ద బేసిన్ పెట్టుకుని, ఆవపిండి, కారం, ఉప్పు, నువ్వుల నూనె పోసి కలుపుతున్నది. నేను వరండాలో చీటీలు రాస్తున్నాను. జాడీలు నింపి ఉంచడం వరకే తల్లి పని, వాటిని లోపలికి చేర్చడం సాయంత్రం తాను వచ్చి చేస్తానని కూతురు ఒట్టు వేయించుకుని వెళ్లింది. మధ్యాహ్నానికి మొదటి పెద్ద జాడీ నిండింది. వాకిట్లో ఉంటే ఎవరి చేయి పడుతుందో, ఏ తడి తగులుతుందో అని ఆమె ప్రాణం ఊరుకోలేదు. నేను లేవబోయాను.

"కూసోండ్రి సారూ. మీ నడుం పట్టుకుంటే మళ్ల నేనే నూనె రాయాలె."

జాడీని పొట్టకు ఆనించుకుని ఎత్తింది. లోపలి గదిలోకి వెళ్లింది. చాలాసేపటికి గోడ పట్టుకుని వచ్చింది. చీర మీద, బొడ్డుకు దిగువగా, అరచేయంత మరక.

"ఏమిటమ్మా అది?"

"నూనె సారూ."

నువ్వుల నూనె ఎర్రగా ఉండదు. కారం కలిస్తే ఉంటుంది. నేను ఆ రెండో మాటను పట్టుకుని మళ్లీ చీటీల మీదికి వంగాను.

మూడో రోజున ఆవకాయ తిరగకలిపింది. సీసాలకు ఎత్తింది. అడిగినవారందరికీ, ఒక్కరు తప్పకుండా, పంపించింది. ఆ రోజుల్లోనే ఆమెకు జ్వరం మొదలయిందని, మాత్రలు మింగి కూతురు ఇంట్లో ఉన్నంతసేపు చెమట తుడుచుకుంటూ తిరిగిందని తర్వాత తెలిసింది. ఆఖరి సీసా బైకెక్కిన మర్నాడు లేవలేకపోయింది. లోపలి కుట్లు తెగి, చీము పట్టి, విషం నెత్తురులో కలిసిందన్నారు. మళ్లీ కోశారు. వారం రోజులు ఉంచుకున్నారు.

ఆ వారంలో ఆమెకు తెలివి ఉన్న రెండో రోజు సాయంత్రం నన్ను లోపలికి వెళ్లనిచ్చారు. కూతురు మంచం పక్కనే నిలబడి ఉంది. తల్లి నన్ను చూసి తల ఆడించింది. తర్వాత కూతురిని అడిగింది.

"గ్రూపుల ఏమని పెట్టినవ్ బిడ్డా?"

"కాయ దొరుకుతలేదని పెట్టిన అమ్మా."

"మంచిది."

నేను విన్న ఆమె ఆఖరి మాట అదే.

ఆమె పోయిన రోజు సాయంత్రం కూతురు గ్రూపులో నిజం రాసింది. ఆపరేషను సంగతి కూడా రాసింది. చేతులు జోడించిన బొమ్మలు చాలా వచ్చాయి. పదో రోజున గచ్చిబౌలి నుంచి ఒకావిడ స్వయంగా వచ్చింది. దవాఖానలో ఫోనులో నేను విన్న గొంతు ఆమెదే. పటం ముందు కూర్చుని నిజంగానే ఏడ్చింది. "ఒక్క మాట చెప్పి ఉంటే నెలా రెండు నెలలు ఆగేవాళ్లం కదండీ. మేమేమైనా రాక్షసులమా?" అన్నది. ఆ కన్నీళ్లలో అబద్ధం లేదు. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ గొంతు తగ్గించి అడిగింది. "ఏమనుకోకమ్మా... మొన్న పంపిన సీసాలు ఆపరేషన్‌కి ముందు కలిపినవేనా?"

"తర్వాత కలిపినయ్ ఆంటీ" అన్నది ఆ అమ్మాయి.

ఆవిడ తల ఊపి వెళ్లిపోయింది. ఆ సీసాను ఏమి చేసిందో నాకు తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. ఆమెను తప్పుపట్టే అర్హత కలవాణ్ణి నేను కాను.

తలుపు వేసి వచ్చి అమ్మాయి నా ఎదురుగా నేల మీద కూర్చుంది. "మీరు చెప్పింది నిజమే తాతయ్యా. నేనే అబద్ధం చెప్పమన్న" అన్నది. ఆ మాటలో నింద ఉన్నదేమోనని వెదికాను. లేదు. ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది.

మర్నాడు పొద్దున్నే సందులో ట్రాలీ ఆటో ఆగింది. "అక్కా, రెండో కోత తెచ్చిన!" అని డ్రైవరు హారను కొట్టాడు. ఏళ్లుగా ఆమెకు కాయ తెచ్చే మనిషి. రెండోసారి దవాఖానలో చేరిన రోజే ఫోను చేసి, ఈ ఏటి ఆఖరి కాయ తనకే ఉంచమని, ముక్క కొట్టించకుండా కాయగానే తెమ్మని చెప్పిందట. సంగతి విని అతను హారను మీది నుంచి చేయి తీసి కిందికి దిగాడు. వెనక్కి తీసుకుపొమ్మని అమ్మాయి చెప్పింది. "అక్క ఏరి పెట్టమన్న కాయ అమ్మా, ఇంకోళ్లకు ఎట్ల ఇయ్యాలె" అని నాలుగు బస్తాలూ వరండాలో దించి వెళ్లిపోయాడు.

వాటిని ఎవరమూ ముట్టుకోలేదు. మూతి విప్పిన బస్తాల్లో కాయ రోజురోజుకూ రంగు తిరుగుతున్నది. తొడిమ దగ్గర మొదలయిన పసుపు ఇప్పుడు సగం దాకా దిగింది. వాసన గేటు దాటి సందంతా నిండింది. ఉదయం తొమ్మిదింటికి షేర్ ఆటోల కోసం పరుగెత్తే పిల్లలు మా గేటు ముందుకు రాగానే ఒక్క అడుగు నెమ్మదించి, గుండెలనిండా ఆ తీపి పీల్చుకుని, మళ్లీ పరుగెత్తుతున్నారు.