ముగ్గుతో వేసిన పార్కు

విజయనగరంలో మా వీధి పార్కును బాగుచేస్తామని మున్సిపాలిటీ ఇంజనీరు కొత్త ప్లాను పట్టుకుని పార్కుకే వచ్చి, ఎవరికేం కావాలో చెప్పమన్నాడు. ఆ కాగితం మీది గీతలు ఒక్కరికీ అర్థం కాలేదు. అయినా అందరూ తలలూపుతున్నారు. నాకు ఒళ్లు మండింది. అర్థం కానిదానికి ఊఁ కొట్టడమెందుకు? ఇంటికెళ్లి ముగ్గు డబ్బా పట్టుకొచ్చి, "మీరు సెప్పండి బాబూ, నేను నేల మీదేస్తాను" అన్నాను.

ఆయన అడుగులు కొలుస్తూ చెబుతుంటే నడకదారి, ఉయ్యాల, బెంచీలు అసలు సైజులోనే నేల మీదకొచ్చాయి. అప్పుడు లేచాయి మావాళ్ల నోళ్లు. ఉయ్యాల గేటు దగ్గరుంటే పిల్లలు రోడ్డెక్కేస్తారని ఒకావిడ గొడవ. ఎదురింటి మావైతే, "ఆ బెంచీ ఏటి అక్కడేస్తన్నావు? సాయంత్రం ఎండ మొకాన కొడతాది" అని నా మీదికే వచ్చాడు. చెరిపాను, వేపచెట్టు పక్కన మళ్లీ వేశాను. చివరికి ఇంజనీరు తన ప్లాను చుట్టి చంకలో పెట్టుకుని, నా ముగ్గుకి ఫొటోలు తీసుకున్నాడు. చీరంతా తెల్లబడింది, ఇంకా ఏదో వేయాలనే ఉంది నాకు.

మర్నాడు పొద్దున్న వెళితే, నడిచేవాళ్లంతా ముగ్గు గీతల మధ్యనే నడుస్తున్నారు. వేపచెట్టు పక్కన, నేను గీసిన బెంచీలో, ఎదురింటి మావ నేల మీద చతికిలబడి పేపరు చదువుతున్నాడు.

"బెంచీ ఇంకా రానేదు కదా మావా" అన్నాను.

"మనం కూకుంటే అదే వస్తాది" అని కాస్త పక్కకి జరిగాడు.