మొదటి గ్లాసు పానకం

మొన్న పట్నంలో, ఈ బ్రిక్‌ఫీల్డ్స్ పేటలో మా ఇంట్లో కూర్చుని మనవరాలు ఫోనులో వార్తలు చూస్తోంది. అమెరికాలో ఎవరో సెనేటరట, ఏళ్ల తరబడి ఆ పదవిలోనే జుట్టు నెరిసి, చివరికి ఓడిపోయి, ఇప్పుడు లాబీయిస్టు అయ్యాడట. అదేం ఉద్యోగమే అని అడిగాను. దానికి తెలుగు అర్థమవుతుంది గానీ నోట్లోంచి రప్పించాలంటే కాస్త బతిమాలాలి. "పోస్టు పోయినాక కంపెనీల తరపున అవే ఆఫీసులకి ఎల్లి మాటాడతాడు అమ్మమ్మా, అంతే లా" అంది, ఇక్కడి యాసలో. ఇంత చిన్న సంగతికి అంత పెద్ద పేరా అనిపించింది. మా పెదనాన్న ఆ పని ఎప్పుడో చేశాడు. పేరు తెలియక మేము దాన్ని కంపెనీ కారులో తిరగడం అనేవాళ్లం.

మాది సుంగై సిపుట్ దగ్గర రబ్బరు తోట. మా నాన్నా అమ్మా చెట్లు గీసి రబ్బరు పాలు తీసేవాళ్లు. చదువు అబ్బింది పెదనాన్నకొక్కడికే; తోట ఆఫీసులో కిరాణీగా లెక్కలు రాసేవాడు. తెల్లదొరల పాలనలో ఇక్కడ పెట్టిన ఎమర్జెన్సీ రోజుల్లో, అడవిలో దాక్కున్న తిరుగుబాటుదార్లకు తిండి చేరకూడదని మా కూలీల లైను ఇళ్ల చుట్టూ ముళ్లకంచె వేశారు. పనికి వెళ్లేవాళ్లను గేటు దగ్గర తడిమి, అన్నం ముద్ద కూడా బయటికి పోనిచ్చేవారు కాదు. పొద్దున తాగిన కాఫీనీళ్లతోనే చెట్ల వెంట తిరిగి, అమ్మ కళ్లు తిరిగి పడిపోయిన రోజులున్నాయి. అప్పుడే పెదనాన్నను మా తోట కూలీల తరపున రాష్ట్ర సభలోకి తీసుకున్నారు. ఉన్న ఒక్క తెల్లకోటూ తొడుక్కుని జిల్లా ఆఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరిగాడు. చివరికి, పోలీసుల కాపలాలో చెట్ల దగ్గరికే కంజి బండి పంపడానికి ఒప్పించాడు. ఆ కంజి నీళ్లలా ఉండేదని అమ్మ నవ్వేది. కానీ మళ్లీ పడిపోలేదు.

మా రామమందిరంలో ఒక పద్ధతి ఉండేది. శ్రీరామనవమి నాడు దేవుడికి చూపించాక మొదటి గ్లాసు పానకం, మా తరపున పైవాళ్లతో మాట్లాడేవారికి ఇవ్వాలి. గొంతు ఎండేది వాళ్లకే గదా అని ముందువాళ్లు పెట్టుకున్న ఆచారం. కలిపేదీ పంచేదీ అమ్మే. బెల్లం దొరక్కపోతే కొబ్బరినీరాతో కాచే ఇక్కడి గులా మెలాకా కరిగించి, మిరియాలు దంచి వేసేది. ఏటా ఆ గ్లాసు పెదనాన్నదే. పేరు పిలవకముందే ఆయన చెయ్యి ముందుకొచ్చేది, మేము చాటున నవ్వుకునేవాళ్లం.

మెర్డెకా, అదే ఈ దేశానికి స్వాతంత్ర్యం, వచ్చినప్పుడు మైదానంలో అందరితో కలిసి అరిచి అరిచి ఆయన గొంతు పోయింది. తర్వాత ఎన్నికల్లో కుర్రవాడొకడు ఆయన్ని ఓడించాడు. నిన్నటిదాకా వాకిట్లో కాసుకుని కూర్చున్న జనం ఒక్కరూ రాలేదు. పాపం, ఆ తెల్లకోటు తొడుక్కుని ఊరికే అరుగు మీద కూర్చునేవాడు. అంతలో తోట కంపెనీవాళ్లు పిలిచారు. ఆఫీసుల్లో ఏ తలుపు ఎవరు తీస్తారో ఆయనకంటే తెలిసినవాళ్లు ఎవరున్నారు? కారొచ్చింది, కొత్త కోటొచ్చింది. ముఖంలో కళ మాత్రం రాలేదు.

ఆ మరుసటేడు తోటను ముక్కలు చేసి అమ్ముతున్నారని తెలిసింది. లైన్లు ఖాళీ చేయాలి. పుట్టిందీ పెరిగిందీ అక్కడే, ఎక్కడికి పోతాం? పెదనాన్న వస్తాడు, ఏదో ఒకటి చేస్తాడు అని అందరూ ఎదురుచూశారు. నేనూ చూశాను. సరిగ్గా నవమి నాడు కారు మందిరం ముందు ఆగింది. ఆయన లోపలికొచ్చి దణ్ణం పెట్టుకుని, అలవాటుగా చెయ్యి చాపాడు.

అమ్మ ఏనాడూ బావగారి ముఖం చూసి మాట్లాడింది కాదు. ఆ రోజు తలెత్తింది. "మొదటి గ్లాసు మా తరపున మాటాడేవోరిది. ఈయేడు మీరు ఎవరి తరపున వచ్చినారు, బావగోరు?"

అబద్ధం చెప్పినా నమ్మేవాళ్లం. నమ్మాలనే ఉంది మాకు. ఆయన చెయ్యి మెల్లగా దించేశాడు.

"కంపెనీ తరపునేనమ్మా" అన్నాడు.

అమ్మ ఆ గ్లాసు తీసుకెళ్లి మళ్లీ దేవుడి ముందే పెట్టింది. పెదనాన్న వెళ్లి వరస చివర కూర్చున్నాడు. ఆయన వంతు వచ్చేసరికి బిందె అడుగున మిరియాల మడ్డి మిగిలింది. అది తాగి, లేచి, గొడవ పడకుండా నెలాఖరుకు ఇళ్లు వదలమని కంపెనీ మాట మాకు చెప్పాడు. వదిలాం. నాకు కోపం కంటే నీరసం వచ్చింది.

తర్వాత కంపెనీకీ ఆయన అక్కర్లేకపోయాడు. ముసలితనంలో మా ఇంటికే వచ్చాడు, ఈ బ్రిక్‌ఫీల్డ్స్‌కే. అమ్మ పాతవన్నీ మరిచిపోయినట్టే ఉండేది. నవమి వస్తే ఇంట్లో మొదటి గ్లాసు ఆయనకే పట్టుకెళ్లేది. ఆయన మాత్రం "అందరికీ పోసీమ్మా, అడుగున ఏటైనా మిగిల్తే నాకియ్యి" అనేవాడు. పోయేదాకా అంతే. ఇప్పుడు ఇంట్లో పానకం కలిపేది నేనే, తాగేది మనవరాలొక్కతే. ఇన్నేళ్లు గడిచినా, మడ్డి పారబొయ్యడానికి మాత్రం నాకు చేతులు రావు.