మిగిలిన ఒక్క చార

మాదాపూర్‌లో కొత్త ఆఫీసులు లేస్తున్న రోజులవి. తన చీరలకు వెబ్‌సైట్ చేయించుకోవడానికి, రంగులద్దే ఒక పెద్దావిడ వెబ్‌సైట్లు చేసే మా ఆఫీసుకి వచ్చింది. దేన్ని చూసినా ముందు వేళ్ల వెనకవైపుతో నిమరడం ఆమె అలవాటు. చీరనైనా, కుర్చీనైనా, చివరికి నా ల్యాప్‌టాప్ తెరనైనా.

ఆమె అద్దిన ఒక చీర రంగు పసుపులోంచి మామిడాకు పచ్చలోకి మెల్లగా జారుతుంది. దాని ఫొటో నా తెర మీద మెట్లు మెట్లుగా కనిపించింది. నాకది బాగానే ఉందనిపించింది కూడా!

"గీ చారలేంది బిడ్డా? నేను గిట్ల అద్దుతనా?" ఆమె నిజంగానే నొచ్చుకుంది. చీరలు మూట కట్టడం మొదలుపెట్టింది.

ఆమెను ఆగమని, కంగారుగా సెట్టింగులు తెరిచాను. తెర రెండువందల యాభైయారు రంగులకే పెట్టి ఉంది. లక్షల రంగులకు మార్చి, చీరను పక్కన పరుచుకుని పచ్చను సరిచేశాను. చారలన్నీ కరిగిపోయాయి, కొంగు దగ్గర ఒక్కటి తప్ప. దానితో నేను కుస్తీ పడుతుంటే, ఆమె కొంగును కిటికీ వెలుగులో పట్టి చూసి పకపకా నవ్వింది.

"ఇగ ఆపు బిడ్డా. గది నా చెయ్యి చేసిన తప్పే. నీ డబ్బా మంచిగనే చూపెడుతున్నది!"

తెరను ముద్దుగా నిమిరింది. ఆ చారను మాత్రం చెరపనివ్వలేదు.