లెక్కలో లేని గదులు

పదవీ విరమణకు ఏడాదిన్నర ముందు, వానాకాలం మొదట్లో, నన్ను జూబ్లీహిల్స్‌లోని ఒక పరిశోధన సంస్థకు డెప్యుటేషన్ మీద పంపారు. హోదా గణాంక విభాగాధిపతి. కొన్ని దేశాల పర్యాటక రంగాలు ఎంత సమర్థంగా పనిచేస్తున్నాయో కొలిచి వరస కట్టడం నా పని. ఆఫీసు ఓ అద్దె బంగళా. పక్క బంగళాను షూటింగులకు ఇచ్చేవారు. మేం కిటికీలు తెరుచుకుని సమీక్షలు జరుపుతుంటే, అక్కడ ఒకే కొడుకు ఒకే తండ్రిని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఎదిరిస్తూ ఉండేవాడు.

కొలిచే పద్ధతి చెప్పడానికి తేలికే. ఆ దేశం పెట్టినది ఒకవైపు: హోటల్ గదులు, ఆ రంగంలో పనిచేసే సిబ్బంది. దానికి దక్కినది రెండోవైపు: వచ్చిన యాత్రికులు, వాళ్లు ఉన్న రోజులు. తక్కువ పెట్టి ఎక్కువ రాబట్టిన దేశానికి ‘ఒకటి’ అంకె ఇస్తాం. మిగతా దేశాలను దానితో పోల్చి, ఒకటికి తక్కువగా వేస్తాం.

ఫలితాలు చూసి నాకు మతిపోయింది. పేరున్న దేశాలన్నీ వెనకబడ్డాయి. ఒక చిన్న దేశం అందరికన్నా పైన కూర్చుంది. చూస్తే హోటళ్లు గుప్పెడు, యాత్రికులేమో చీమల బారు. అంతమందీ ఎక్కడ పడుకున్నట్టు? సూత్రాన్ని మళ్లీ మళ్లీ సరిచూశాను. ఆ దేశాన్ని తీసేసి చూశాను, చేర్చి చూశాను. వారం రోజులు బుర్ర బద్దలు కొట్టుకున్నా అంతుపట్టలేదు.

చివరికి అత్త మీద కోపం దుత్త మీద చూపించాను. అంకెలు కంప్యూటర్లో ఎక్కించింది స్వరూప. రహమత్ నగర్ అమ్మాయి, కాంట్రాక్టు ఉద్యోగి. ఆ నెలాఖరుకు ఆమె గడువు పొడిగించాల్సి ఉంది.

“నేను తప్పు కొట్టలే సార్. రెండుసార్లు చూసిన,” అంది. నేను వినలేదు. సంజాయిషీ అడుగుతూ మెమో ఇచ్చాను. మెమో ఉన్న ఫైలుకు పొడిగింపు రాదని నాకు తెలుసు.

మర్నాడు ఆమె తండ్రి యాదగిరి వచ్చారు. సినిమా యూనిట్లకు వంట చేస్తారాయన.

“నిన్నటి సంది బిడ్డ అన్నం ముడ్తలేదు సార్. ఏం తప్పు చేసిందో జర చెప్పుండ్రి,” అన్నారు.

కూర్చోబెట్టి ఆ దేశం పేరు చెప్పాను. అక్కడ అంతమందికి సరిపడా గదులే లేవనీ, అమ్మాయి అంకె తప్పు ఎక్కించి ఉంటుందనీ అన్నాను. ఆయన నావైపు జాలిగా చూశారు.

“గాడికి నేను పాటల షూటింగుకు పోయిన సార్. హోటల్ల ఎవడుంటడు? వాడు మనల్ని పొయ్యి ముట్టియ్యనిస్తడా? యూనిట్ మొత్తానికి ఇండ్లు కిరాయికి తీస్కున్నం. కుక్కర్లు, కందిపప్పు, చింతపండు అన్నీ ఈడికెళ్లే తీస్కపోయినం. చుట్టుపక్కల ఇండ్లల్ల గూడ అందరు టూరిస్టులే.”

అప్పుడు వెలిగింది. యాత్రికులను లెక్కపెట్టింది సరిహద్దులో, గదులను లెక్కపెట్టింది హోటళ్లలో. అద్దె ఇళ్లలో దిగినవాళ్లు ఫలితంలో చేరారు, వాళ్లున్న గదులు మాత్రం ఏ లెక్కకూ ఎక్కలేదు. అలాంటి పట్టికలను ఎంచుకున్నది నేనే. స్వరూప ఎక్కించిన అంకెల్లో తప్పే లేదు. నాకు సిగ్గేసింది. తండ్రి ఎదుటే ఆమెను పిలిచి, తప్పు నాదని చెప్పాను.

మెమో రద్దు చేసి పొడిగింపు ఫైలు తెప్పించాను. అందులో డైరెక్టరుగారు రాసిన మాట కనిపించింది: “ఈ విభాగం ఒకే ఒక్క ఉద్యోగితో ఇంత పని చేసి, సమర్థతలో సంస్థ మొత్తానికీ మొదటిదిగా ఉంది. అదనపు మనిషి అవసరమా?” మళ్లీ అయోమయంలో పడ్డాను. పనిచేస్తున్నది ఇద్దరం కదా! సిబ్బంది పట్టిక తీయించాను. అందులో మంజూరైన పోస్టులే ఉన్నాయి. కాంట్రాక్టువాళ్ల పేర్లకు చోటే లేదు.

ఆ మెచ్చుకోలు కిందే నోటు రాశాను: ఉద్యోగులు ఒకరు కాదు, ఇద్దరు, రెండో పేరు స్వరూప. ఆమెకు పొడిగింపు వచ్చింది. మా విభాగానికి మొదటి స్థానం పోయింది.

సమర్థత అంటే ఏమిటో నాకు ఇప్పటికీ పూర్తిగా తెలియదు. ఎవరైనా తక్కువతో ఎక్కువ సాధించారని వింటే మాత్రం, పట్టికలో పేరు లేనివాళ్లెవరని ముందు అడుగుతాను.