గొంతు అలవెన్సు

లెక్కల మాస్టారుకి ఉన్నది ఒకే ఒక్క జబ్బు: అలవెన్సు. నోరు తెరిస్తే చాలు, ఓ కొత్త అలవెన్సు పుట్టుకొచ్చేది. అందుకే బడిలో అందరూ ఆయన్ని 'అలవెన్సు మాస్టారు' అనేవారు. చాటున కాదు, ఎదురుగానే!

టీచర్లే కలిసి నడుపుకునే బడి అది. నెలనెలా వచ్చిన ఫీజుల్లోంచి ముందు అద్దె, కరెంటు పోగా, పాఠం చెప్పినవాళ్ళకి జీతాలు. చెప్పకపోతే సున్నా. ఇంకా ఏమైనా మిగిలితే అలవెన్సులు. అందరూ స్టాఫ్‌రూములో కూర్చుని పంచుకునేవారు. కూర్చుని అనడం మర్యాద కోసమే. ఆ రోజున మాస్టారు కుర్చీలో కూర్చోవడం ఎవరూ చూడలేదు.

పెద్దమేడానికి ఆ మీటింగంటేనే ఒళ్ళు మండిపోయేది.

"మెట్ల అలవెన్సు కావాలి!" అన్నాడు ఒకసారి.

"మీ క్లాసు కిందే కదండీ!"

"కిందుంటే? మెట్లు నాకు కనబడవా?"

ఇంకోసారి సుద్దపొడి అలవెన్సు! ఆయనేమో బోర్డు ముట్టుకోడు, లెక్కలన్నీ నోటితోనే చెబుతాడు. పెద్దమేడం రెండూ కొట్టిపారేసింది. ఏం మనిషి, ఎంత ఆశ అని పళ్ళు నూరుకుంది.

ఈసారి అసలే ఫీజులు సరిగ్గా రాలేదు. పైగా ఒకటో క్లాసు టీచరమ్మకి గొంతు పూర్తిగా పోయింది. నెల్లాళ్ళు నోరెత్తొద్దన్నాడు డాక్టరు. ఇంట్లో సంపాదన ఆవిడ ఒక్కదానిదే. మీటింగు రోజు పొద్దున్నే పెద్దమేడం వరండాలో తన పర్సు తీస్తే, "ఊరికే వద్దు మేడం, ఇంకో పని చూసుకుంటాను" అని గుసగుసగా చెప్పి వెళ్ళిపోయింది. ఆ బాధతోనే పెద్దమేడం మీటింగు మొదలుపెట్టింది. టీచరమ్మ కూడా వచ్చి ఓ మూల కూర్చుంది.

మాస్టారు బల్ల గుద్దాడు. "గొంతు అలవెన్సు! మిగిలిందంతా దానికే!"

"సిగ్గులేదుటండీ? మీ గొంతు వీధి చివరిదాకా వినబడుతుంటే!" పెద్దమేడం లేచి నిలబడింది.

"వినబడనీండి! పాసు చేసేదాకా ఒక్కరూ బయటికి కదలడానికి లేదు!" గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

మిగిలింది ఒక్కరి నెల జీతానికి బొటాబొటి. అందరూ పంచుకుంటే బస్సు చార్జీలకైనా రాదు. "ఆ చిల్లర మాకక్కర్లేదు, ఆయన మొహాన కొట్టండి!" అని డ్రిల్లు మాస్టారు అరిచాడు. అసహ్యంతో చేతులన్నీ లేచాయి.

"పాసు!" పెద్దమేడం గొంతు చించుకుంది. "తీసుకుని ఊరేగండి!"

"నాకెందుకండీ? నా గొంతుకేం రోగం? గొంతు పోయిందెవరికో కళ్ళు పెట్టి చూడండి!"

అందరూ మూలనున్న టీచరమ్మ వైపు తిరిగారు. పెద్దమేడం స్టాఫ్‌రూమంతా కలయజూసింది. మోకాళ్ళ నొప్పులతో పై అంతస్తు ఎక్కే సోషల్ మాస్టారు, సుద్దపొడికి రోజంతా తుమ్మే డ్రాయింగు టీచరు అప్పుడు కనబడ్డారు ఆవిడకి. తనమీద తనకే కోపం ముంచుకొచ్చి, దాన్నీ ఆయనమీదే వెళ్ళగక్కింది.

"ఆ ముక్క ముందే ఏడవచ్చుగా!"

"ఏడిస్తే జాలిపడి ఇస్తారు. జాలితో ఇస్తే ఆవిడ ముట్టదు. పొద్దున మీ పర్సుకి పట్టిన గతి చూశాగా! ఇది అందరూ చేతులెత్తి పాసు చేసిన అలవెన్సు. పుచ్చుకోక చస్తుందా?"

టీచరమ్మ కళ్ళు తుడుచుకుంది. దణ్ణం పెట్టి, ఏదో చెప్పబోయి పెదవి కదిపింది.

మాస్టారు కిటికీ అద్దాలు అదిరేలా గావుకేక పెట్టాడు.

"నోరు ముయ్యి తల్లీ! మాట బయటికొచ్చిందంటే అలవెన్సు కట్!"