సంపు గుంత, సారు కడ్డీ

మా ట్యూషన్ సారు పోయినారని మంగళవారం పొద్దున బంగారుపేట స్టేషన్లో ఒకతను చెప్పినాడు. నేను నమ్మలేదు. "నువ్వు చూసినావా?" అని అడిగినాను. అట్లా అడగడం సారు దగ్గర నేర్చుకున్నదే.

ఆయన బంగారు గనుల్లో సర్వే పని చేసినారు. గనులు మూసినాక మా ఊళ్లో ఇల్లు అద్దెకు తీసుకుని లెక్కలు చెప్పినారు. చేతిలో ఎప్పుడూ మూరెడు ఇనుప కడ్డీ. ఎవరింటికి పోయినా గోడను రెండుసార్లు తట్టి, విని, అప్పుడు కూర్చునేవారు. గనిలో రాయి వదులైందో లేదో అట్లాగే చూసేవారట. ఘనమూలాలు నోటితో చెప్పేవారు. ఇంట్లో కాలిక్యులేటర్‌తో చేసి బట్టీ పట్టి వస్తారేమోనని మా అనుమానం.

మా ఇంట్లో ఆవుల కోసం నేలలో నీళ్ల సంపు కట్టించినప్పుడు అది తీరింది. పన్నెండు ఘనమీటర్ల నీళ్లు పట్టాలి. పొడవు, వెడల్పు, లోతు మూడూ సమం. మేస్త్రీ కాలిక్యులేటర్లో పన్నెండు కొట్టి, రూటు బటన్ నొక్కి, మూడున్నర మీటర్లని ముగ్గు గీసినాడు. గీత మా వంటింటి గోడకు జానెడు దూరం. గోడకవతల అమ్మ సంకటి కెలుకుతోంది.

సారు వచ్చి గోడ తట్టినారు. డొల్లగా మోగింది.

"ఇంత లోతు తవ్వితే గోడ గుంతలోకి వస్తాదప్పా. ఎవరు చెప్పినారు మూడున్నరని?"

"మిషన్ సార్. మిషన్ అబద్ధం చెప్తాదా?"

"నువ్వడిగిందే చెప్పింది. ఆ రూటు పొడవు, వెడల్పు వరకే. లోతు యాడ విడిచినావు? మూడు మూళ్లు తొమ్మిది, తొమ్మిది మూళ్లు ఇరవై ఏడు. ఎక్కువైపాయ. రెండుకు ఎనిమిది. ఇంగ రెండుంబావు, పైన రవ్వంత."

"మూతబడిన గని లెక్క మాకెందుకు సార్?" అని నవ్వినాడు మేస్త్రీ.

సారు ఆ కాలిక్యులేటర్నే అతని చేత నొక్కించినారు. కనిపించే అంకెను పన్నెండుతో గుణించు, రూటు రెండుసార్లు నొక్కు, మళ్లీ అదే. రెండున్నర దాటి, తగ్గుతూ తగ్గుతూ రెండు పాయింటు రెండు తొమ్మిది దగ్గర నిలిచింది.

"ఇప్పుడు నమ్ముతాను సార్."

"నమ్మొద్దు. దాన్ని మూడుసార్లు వేసి గుణించి చూడు."

పన్నెండు వచ్చింది. మేస్త్రీ గీత చెరిపినాడు. మిగిలిన మీటరు జాగా గోడ పక్కనే వదిలించినారు సారు. ఆ గోడ ఇంకా ఉంది.

నిన్న చర్చి వెనుక సమాధుల తోటలో గుంత సిద్ధం చేసినారు. సారు భార్య కడ్డీ తెచ్చి నా చేతికిచ్చింది. పెట్టె దించే ముందు అంచున కూర్చుని, గుంత పక్కలు తట్టినాను.

"ఏం అనుమానమప్పా నీకు?" అన్నాడు తవ్వినతను.

మూడు పక్కలు గట్టిగా పలికినాయి. నాలుగోది డొల్లగా మోగినట్టుంటే మళ్లీ తట్టి, చెవి పెట్టినాను.