మా మేనత్త చెయ్యి

మొన్న నందిగామలో పెళ్లి భోజనాల్లో, విస్తట్లో ఆవకాయ పడగానే నా పక్కన కూర్చున్న పెద్దమనిషి కుర్రకారుకు కథ ఎత్తుకున్నాడు. వెనకటికి జగ్గయ్యపేటలో ఒకావిడ ఉండేదట, ఆవిడ కలిపిన జాడీ మూత తీస్తే చిల్లకల్లు దగ్గర రోడ్డు మీద లారీలు ఆగిపోయేవట. అందరూ ఒకటే నవ్వులు. నేను మాత్రం ఆ ఆవకాయను విస్తరి అంచుకు నెట్టేశాను. ఆ ఒకావిడ మా మేనత్త. ఆమె చెయ్యి చెడ్డదని మొదట అన్నది ఈయన గారింట్లోనే.

మా తరం వాళ్లకు చెప్పక్కర్లేదు, డెబ్భైల్లో ఆవకాయ పెట్టడమంటే ఇంట్లో చిన్న శుభకార్యమే, చెయ్యి మంచిదని పేరున్న మనిషిని పిలిపించి మరీ కలిపించేవారు. చిన్నతనంలోనే భర్త పోయి మా ఇంట్లో ఉండిపోయిన అత్తను పెళ్లిళ్లకు, పేరంటాలకు ఎవరూ పిలిచేవారు కాదు గానీ, మామిడికాయ దిగిందంటే చందర్లపాడు నుంచీ, వీరులపాడు నుంచీ కూడా బండి కట్టుకుని వచ్చేవారు. ఏడాదిలో ఆ నాలుగు రోజులే ఆమె తలెత్తుకు తిరిగేది. ఆమె చెయ్యి కడిగిన నీళ్లతో కాలువ కింద ఊరంతా అన్నం తిన్నదని కోతలు కోస్తే, “పోండర్రా, మీ నోళ్లు పడిపోను!” అంటూ మురిసిపోయేది.

ఎనభైల్లో ఒక వేసవిలో, నందిగామలో ఈయన గారింట్లో ముక్కలు కొడుతుండగా వాన పడింది. “ముక్క తడిసిందండీ, ఆరనిచ్చి రేపు కలుపుదాం” అని అత్త మొత్తుకున్నా, మంచిరోజు దాటిపోతుందని ఇంటావిడ ఒప్పుకోలేదు. నెల తిరిగేసరికి జాడీ నిండా బూజు. వాన సంగతి ఎవరికీ గుర్తు రాలేదు, అత్త చెయ్యి చెడిందన్నారు. లారీలను ఆపిన నోళ్లే, ఆమె తొంగిచూస్తే పక్కింటి జాడీ కూడా బూజు పడుతుందన్నాయి. నరం లేని నాలుక కదా! మరుసటేడు ఒక్క బండీ రాలేదు.

ఊళ్లోవాళ్లను అనుకుని ఏం లాభం? “అమ్మాయ్, ఈసారి మనింట్లో ఒక్క జాడీ నన్ను కలపనియ్యవే” అని మా అమ్మను అడిగింది అత్త. అమ్మ చెడ్డది కాదు. “ఎందుకులే వదినా, ఏడాది తిండి” అంది, తలెత్తకుండానే. అత్త ఆ తరువాత బతికినన్నాళ్లూ ఆవకాయ ముట్టలేదు, మజ్జిగన్నంలో ఉప్పుకల్లే నంజుకునేది.

ఇప్పుడు ఆవకాయ సీసాల్లో కొట్లో దొరుకుతోంది, ఎవరు కలిపారో ఎవరికీ పట్టదు. ఆ పిలుపులూ ఆ సందడీ పోయాయని నా ఈడువాళ్లు నిట్టూరుస్తుంటారు. నాకైతే ఒళ్లు మండుతుంది. ఆమె పోయాక ఊరికి మళ్లీ లారీల కథే ముద్దొచ్చింది. బతికుండగా ఒక్క జాడీ కలపనిచ్చినవాళ్లు లేరు, మా అమ్మతో సహా.